లగూతిన్ చెయ్యి

పియానో చాలదట మహానుభావుడికి, ఇప్పుడు కర్ర కూడా కావాలట! ఇగ్నాత్ లగూతిన్ కర్ర ఊపుతూ ఆర్కెస్ట్రా నడపడం నేర్చుకోవడానికి మా తరగతిలో చేరుతున్నాడని నాతోపాటు వాయించే నోన్నా చెప్పగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకక్కా అంత మంట? లోకం మెచ్చిన పియానిస్టు మన గదికొస్తున్నాడు. నేనైతే కొత్త గౌను వేసుకొస్తా," అంది.

"వేసుకో. హారతి పళ్ళెం కూడా పట్టుకురా."

మా ఉద్యోగం అలాంటిది మరి. నేర్చుకునేవాళ్ళకి రోజూ నిజం ఆర్కెస్ట్రాని ఎవరిస్తారు? అందుకని గదిలో రెండు పియానోలు వేసి, ఒకదాని ముందు నోన్నాని, ఇంకోదాని ముందు నన్ను కూర్చోబెడతారు. మేమే ఆర్కెస్ట్రా. కుర్రాళ్ళు చేతులూపుతారు, మేం ఆ చేతుల్ని చూసి వాయిస్తాం. లెనిన్‌గ్రాడ్‌లో ఏ పోస్టర్ మీదా మా పేరుండదు.

లగూతిన్, నేను ఒకే పంతులమ్మ దగ్గర చదువుకున్నాం. నా ఎడమచెయ్యి అతని చేతికంటే గట్టిదని ఆవిడ అతని ముందే అంది. అయితేనేం, పోటీకి ఒక్కరినే పంపాలన్నప్పుడు అతన్నే పంపింది. ఆ తర్వాత ఇంకేముంది, పారిస్ అన్నారు, టోక్యో అన్నారు, గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఫొటోతో రికార్డులన్నారు. అన్నీ కొన్నాను. తప్పులు వెతకడానికి. దొరికిన రోజు హాయిగా నిద్రపట్టేది. దొరకడమే తక్కువ.

మొదటిరోజు వచ్చాడు, నోన్నా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు, నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"కాపా! నువ్విక్కడున్నావా?"

"ఇంకెక్కడుంటాననుకున్నావు, ఇగ్నాషా?"

కర్ర ఎత్తాడు. అబ్బ, ఏం చెప్పమంటారు! పియానో మీద అన్నీ తెలిసిన ఆ చెయ్యి గాల్లో మాత్రం గజగజలాడింది. నోన్నా మంచిది, ఆ చేతిని పట్టించుకోకుండా సంగీతం ఎలా ఉండాలో అలా వాయించుకుపోయింది. నేను మాత్రం చెయ్యి ఏది చూపిస్తే అదే వాయించాను. అది తడబడితే తడబడ్డాను, ఆలస్యమైతే ఆలస్యం చేశాను. రెండు వరసలు దాటకుండానే మా పియానోలు రెండూ కీచులాడుకున్నాయి. వెనక కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

"కాపా, అక్కడ ఆగకూడదు," అన్నాడు ఎర్రబడిన మొహంతో.

"నీ చెయ్యి ఆగింది, నేనూ ఆగాను. నేను ఆర్కెస్ట్రాని నాయనా, నీ మనసులో మాట చదివేదాన్ని కాదు."

ముసలి ప్రొఫెసర్ ఇన్నొకెంతి పావ్లొవిచ్ గారు నవ్వు ఆపుకోలేక దగ్గారు.

చలికాలమంతా అదే పని. ఎంత సంబరంగా ఉండేదో! వసంతంలో నిజం ఆర్కెస్ట్రాతో పరీక్ష. ఈలోగా పరువు దక్కించుకుని పారిపోతాడని చూశాను. పారిపోలేదు. ఒకరోజు క్యాంటీన్‌లో తన క్యాబేజీ కూరిన పిరొగ్ రొట్టె నా ముందుకి జరిపి, "నోన్నాని వేరే గదికి మార్చమని ప్రొఫెసర్‌గారిని అడిగాను," అన్నాడు.

"ఆ పిల్లేం చేసింది? నేను కదా నిన్ను ఏడిపిస్తున్నది!"

"ఆమె నేను అనుకున్నది వాయిస్తుంది. నువ్వు నేను చేసింది వాయిస్తావు. నాకు నువ్వొక్కదానివే చాలు."

నేను గొయ్యి తవ్వుతున్నాననుకుంటుంటే వాడు పునాది వేసుకుంటున్నాడు!

పరీక్ష నెగ్గాడు. ఊళ్ళోని ఆర్కెస్ట్రాని అతని చేతికిచ్చారు. వెంటనే ఫోన్ చేశాడు.

"నా మొదటి కచేరీలో పియానో నువ్వే."

"ఎందుకు, నీ ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"నా చెయ్యి నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

చురుక్కుమంది. అయినా సరేనన్నాను. జీవితమంతా దానికోసమే కదా కుళ్ళిపోయాను. ఒక్కసారి ఆ వేదికెక్కితే చాలు, ఇద్దరిలో ఎవరు గొప్పో జనమే వింటారు. వేసవంతా సాధన చేశాను. పక్క గదుల వాళ్ళు గోడలు బాదినా ఆపలేదు.

రిహార్సల్ రోజు ఆర్కెస్ట్రా అంతా కూర్చుంది. మేం వాయించబోయే రచన పియానో ఒక్కదానితోనే మొదలవుతుంది, మిగతావాళ్ళు తర్వాత వచ్చి కలుస్తారు. స్టూలు సర్దుకుని, పియానో మెట్ల మీద వేళ్ళు పెట్టి, అతని వంక చూశాను. అతను నా వంక చూశాడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఏమిటీ నాటకం, అందరి ముందు నన్ను ఏడిపించాలనా?

"కాపా, మొదలుపెట్టు."

"నువ్వు చెయ్యెత్తితే కదా!"

అందరూ గొల్లుమన్నారు. అప్పుడు తెలిసింది నాకు. అక్కడ అతను ఎత్తాల్సిందేమీ లేదు. ఆ మొదలు నాది.

ఇంట్లో వేసవంతా మొదలుపెట్టినదాన్నే. కర్ర పట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడేసరికి వేళ్ళు కదలవే! "ఆ చేతులు వెనక్కి పెట్టుకో," అన్నాను. పెట్టుకున్నాడు. అయినా కదల్లేదు.

అతను జాలిపడ్డాడు. ఎడమచెయ్యి మెల్లగా బయటికి తీసి, ఎవరికీ కనబడకుండా ఒక్క వేలెత్తాడు. అంతే, నా చేతులు మెట్ల మీద పడ్డాయి. అలాంటి నాదం నా వేళ్ళకింద ఎన్నడూ పలకలేదు. నేను ఆపగానే వయొలిన్ల వాళ్ళు కమానులతో స్టాండ్ల మీద తట్టి మెచ్చుకున్నారు.

ఇగ్నాత్ పియానో మీదకి వంగాడు. కళ్ళల్లో నీళ్ళు.

"చూశావా కాపా, ఎలా వాయించావో!"

నిజంగానే సంతోషపడ్డాడు, పాపిష్టివాడు.

"మళ్ళీ మొదటినుంచి వాయిస్తాను," అన్నాను. "ఈసారి నువ్వు బయటికి పో."

మారుమాట్లాడకుండా కర్ర కిందపెట్టి వెళ్ళిపోయాడు. ఆర్కెస్ట్రా అంతా నా వంకే చూస్తోంది. వేళ్ళు మెట్ల మీదే పెట్టుకుని నేను తలుపు వంక చూస్తున్నాను.