నీ బాధ నాకు అర్థమైందమ్మా

బొల్లారంలోని మందుల ఫ్యాక్టరీలో వసీమ్ చేయి కాలి పదహారు రోజులైంది. డ్రమ్ములోంచి యాసిడ్ వంచుతుంటే పాత గ్లవ్ చిరిగి, మోచేయి దాకా కాలిపోయింది. అదే షెడ్డులో పనిచేసే సుమిత్ర పరుగున వచ్చి నీళ్లు పోసింది. షిఫ్టు మేనేజర్ ప్రవీణ్‌కుమార్ మాత్రం రిపోర్టులో ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అని రాశాడు.

ఆ మంగళవారం క్యాంటీన్‌లో అందరికీ శిక్షణ పెట్టారు. ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవడం ఎలా అన్నది విషయం. హైదరాబాద్ నుంచి లక్ష్మీప్రసన్న అనే మనస్తత్వ నిపుణురాలు వచ్చి, తెర మీద మెదడు బొమ్మ చూపించింది.

“ఎదుటివాళ్ల నొప్పి చూస్తే, మనకు నొప్పి పుట్టినప్పుడు కదిలే భాగాలే మన మెదడులో కొంత కదులుతాయి. తప్పు వాళ్లదేనని ముందే అనుకుంటే ఆ కదలిక తగ్గిపోవచ్చు.”

ఆ రిపోర్టు గుర్తొచ్చి సుమిత్ర పళ్లు బిగించింది.

తర్వాత ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, అవతలి మనిషి ఏమనుకుంటున్నారో ఊహించి చెప్పమంది. సుమిత్ర ఎదుట ప్రవీణ్‌కుమార్ కూర్చున్నాడు.

“సుమిత్ర బాగా భయపడింది. నాలుగు రోజులు సెలవిస్తే సర్దుకుంటుంది,” అన్నాడతను నవ్వుతూ. “నీ బాధ నాకు అర్థమైందమ్మా.”

సుమిత్ర లేచి నిలబడింది.

“ఏం అర్థమైంది సార్? నాకు భయం లేదు, కోపమున్నది. గ్లవ్స్ చినిగినయని మూడుసార్లు మీ టేబుల్ కాడికొచ్చి జెప్పిన. ఫోన్ల నుంచి తలెత్తలే మీరు. గిప్పుడు నా మనసుల ఏమున్నదో మీరే జెప్తున్నరా? నన్ను అడిగిండ్రా? వసీమ్‌ను అడిగిండ్రా?”



“ఊహించడం కంటే అడిగి వినడమే మేలు సార్,” అంది లక్ష్మీప్రసన్న మెల్లగా.

“గా మాట కాగితం మీద రాసిస్తరా మేడమ్?” అని అడిగింది సుమిత్ర.

ఆమె తల దించుకుంది. “అది నా చేతుల్లో లేదమ్మా.”

సాయంత్రం సుమిత్ర పటాన్‌చెరులో వసీమ్ ఇంటికి వెళ్లింది. నొప్పికి ఏడుస్తుంటాడనుకుంది. అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

“తమ్మీ, జెర నాతోని మాట్లాడు. ఏమైతాంది నీకు?”

“నొప్పి కాదక్కా. కంపెనీ పంపిన కాగితం సూసి అమ్మీ గూడ నాదే తప్పంటది. రోజూ గదే మాట.”

సుమిత్రకు ఒళ్లు మండిపోయింది. తన మీదా కోపమొచ్చింది; ఇన్ని రోజులు తానూ వచ్చి అడగలేదు. వంటగదిలో ఉన్న అతని తల్లి అక్తరీ బేగం దగ్గరకు వెళ్లి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆమె చేతిలో గరిటె కింద పడింది.

మర్నాడు పొద్దున ఆడవాళ్లిద్దరూ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డారు. ప్రవీణ్‌కుమార్ కారు రాగానే అక్తరీ బేగం అద్దం మీద అరచేత్తో కొట్టింది.

“నీ రాత నమ్మి నా బిడ్డనే తిట్టిన! సూడు నా మొఖం!”

అతను చూడలేదు. కారు లోపలికి పోయింది.

ఆ వారమే పదకొండు మంది కార్మికుల సంతకాలతో సుమిత్ర ప్రభుత్వ తనిఖీ అధికారులకు ఫిర్యాదు ఇచ్చింది. వాళ్లు వచ్చి విచారించాక ‘నిర్లక్ష్యం’ అన్న మాట కొట్టేసి రిపోర్టు మళ్లీ రాయించారు. ప్రవీణ్‌కుమార్ క్షమించమని అడగలేదు. సుమిత్ర కోపం చల్లారనూ లేదు.

అక్తరీ బేగం మాత్రం ఇప్పుడు రోజూ కొడుకు పక్కన కూర్చుని, కొత్త చర్మం పట్టిన ఆ చేతికి తనే మందు రాస్తోంది.