గేరు పడేదాకా

పొయ్యి మీద పప్పు ఉంది, అవ్వ కట్టెను వెనక్కి లాగిందో లేదో, లాగదు, తమ్ముడు పర్శరాములు పోయినప్పటి నుంచి ఆ కన్నతల్లి ముందర ఇల్లు తగలబడినా లేచేట్టు లేదు, జర ఎక్కి కూసో సారక్కా, చిన్న పని, కాలు పెట్టి తొక్కితే చాలు అన్నాడు రాజలింగు, ఎక్కనని మొగుడికి తెగేసి చెప్పాల్సింది, కానీ అతనితో పనిచేసే మనిషి పెండ్లికని చెన్నూరు పోయాడు, షెడ్డులో ఇంకొకరు లేరు, లారీ కింద గొలుసుకు వేలాడుతున్న గేరుబాక్సును ఒక్కడు ఎంతసేపు ఆపుతాడు, అది గుండెల మీద పడితే మళ్లీ ఏడ్చేది తనే కదా అని కుచ్చెళ్లు దోపుకొని ఎక్కింది, ఎక్కాక గాని తెలియలేదు ఇంత ఎత్తని, ఇక్కడి నుంచి చూస్తే బెల్లంపల్లి బొగ్గుబాయిల గొట్టాలు, పట్టాల మీద నిలబడ్డ వ్యాగన్లు, ఎదుటి సోడా దుకాణం మీది రేకులు, అన్నీ కిందే ఉన్నాయి, తమ్ముడు రోజూ ఇట్లాగే చూసేవాడేమో, ఈ సీటులో కూర్చునే, సీటు మార్చారు, కొత్త పీచు కుక్కి పైన కొత్త గుడ్డ కుట్టారు, పాత గుడ్డ ఎందుకు తీసేశారో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు, తలుపుకు గడియ లేదు, తాడుతో కట్టి ఉంది, స్టీరింగును సుత్తెతో కొట్టి సాపు చేసినట్టున్నారు, అయినా ఒక పక్క ఇంకా వంకరే.

తొక్కు అన్న మాట కింద నుంచి వచ్చింది, కాళ్ల దగ్గరి రేకు విప్పేసి ఉంది, ఆ సందులోంచి రాజలింగు మొహం తలకిందులుగా కనిపిస్తోంది, నుదుటి మీద గ్రీజు, మీసాల్లో మట్టి, ఈ మొహాన్ని ఇంతసేపు చూసి ఎన్నాళ్లయింది, ఎడ్లను కట్టి గుంజించి ఈ లారీని వాకిట్లోకి తెప్పించిన రోజు నుంచి అన్నం పెడుతోంది, బట్టలు ఉతుకుతోంది, మాట మాత్రం లేదు, ఆ రోజే అడిగింది, నా తమ్మున్ని తిన్న బండిని తెచ్చి నా వాకిట్ల నిలవెడ్తవా, నీకు ఇంకో పని దొరకలేదా అని, అతను తల వంచుకుని బండి బండే గద, ఎవలన్న బాగు చెయ్యాల్సిందే అన్నాడు, ఆ మాటకు ఒళ్లు మండింది, లారీ యజమాని దీన్ని కరీంనగర్ మిస్త్రీకి ఇవ్వబోతే ఈయనే ఎదురుపోయి అడిగి తెచ్చుకున్నాడని తర్వాత తెలిసి ఇంకా మండింది, అడిగి తెచ్చుకోవడానికి ఇదేమన్నా పెండ్లిపిల్లా, ఎడమ కాలుతో తొక్కు సారక్కా, ఆఖరు దాక తొక్కి పట్టు, నేను ఇడువుమనేదాక ఇడువకు.

తొక్కింది, ఇంత బిగువేమిటి, సగం దాకా పోయి ఆగిపోయింది, సీటు అంచుకు జరిగి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని మళ్లీ తొక్కితే అప్పుడు దిగింది, మంథనిలో బాపు మగ్గం గుంతలో కాళ్ల కింద చెక్కలు ఇట్లా ఉండేవి కావు, ఒకటి తొక్కితే ఇంకొకటి లేచేది, ఎడమ, కుడి, ఎడమ, కుడి, చిన్నప్పుడు బాపు అన్నానికి లేస్తే తను దిగి తొక్కేది, పర్శ దిగితే మాత్రం కాసేపటికే పోగు తెగేది, తెగితే ముడి వేయాలి కదరా అంటే వేసేవాడు కాదు, లేచి గోదావరి ఒడ్డుకు పోయేవాడు, బాపు చనిపోయాక మగ్గం పట్టుకోరా అని అందరూ చెబితే దసరా దాకా పట్టుకున్నాడు, దీపావళికి వదిలేశాడు, తర్వాత రాజలింగే ఎవరి కాళ్లో పట్టుకుని గనిలో పెట్టించాడు, దిగిన వారానికే పైకొచ్చి, లోపట దీపం ఆరితే నా చెయ్యి నాకు కనవడ్తలేదు బావా, నాతోని కాదు అన్నాడు, అదీ వదిలేశాడు, పెండ్లికి పిల్లను చూస్తే మాట ఇచ్చి మళ్లీ వద్దన్నాడు, చుట్టాలందరూ వాడికి ఇడిసిపెట్టెటోడు అని పేరు పెట్టారు, అవ్వ కూడా నవ్వుతూ అదే పేరుతో పిలిచేది, వాడు కూడా నవ్వేవాడు, కాలు వణుకుతోంది, పిక్క పట్టేస్తోంది, ఇడువకు, ఇంకొంచెం, ఇంకొంచెం, కింద ఇనుము ఇనుముకు రాసుకుంది, రాజలింగు గొంతులోంచి బరువు మోసేవాడి మూలుగు వచ్చింది, ఖటుక్కున ఏదో దేంట్లోనో కూర్చుంది, పట్టింది, ఇగ ఇడువు అన్నాడు, వదిలింది.

కాలు చాపుకుని కూర్చుంది, దిగుదామంటే ఆగు, నట్లు బిగించినంక గేర్లు వేసి చూడాలె అన్నాడు, కింద పానా తిరుగుతున్న చప్పుడు, ఆ పక్కన మట్టిలో పాత క్లచ్ ప్లేటు పడి ఉంది, చుట్టూ ఉండే పట్టీ మాడి రొట్టె అంచులా నల్లబడింది, దాని పక్కన మూత తీసిన పాత గేరుబాక్సు, ఇప్పుడు ఎక్కించినది నాగపూరు పాత సామాన్ల బజారులో దొరికింది, ఇదీ మిలిటరీ వాళ్లు యుద్ధం అయ్యాక వదిలేసిన లారీదే, ఈ లారీ కూడా అట్లాంటిదే, ఎక్కడెక్కడి సిపాయిలను మోసిందో, చివరికి ఆదిలాబాదు అడవిలో టేకు దుంగలు మోసింది, పర్శకు ఈ పని మాత్రం నచ్చింది, లారీల కూసుంటే తొవ్వ కనవడ్తదక్కా, మగ్గం గుంతల ఏం కనవడ్తది అనేవాడు, ఉట్నూరు దిక్కు నుంచి వస్తే సీతాఫలాలు తెచ్చేవాడు, సగం తొవ్వలోనే తినేసేవాడు, నాలుగేండ్లు నడిపాడు, వీడు దీన్ని వదలడేమో అని తను అనుకోవడం మొదలుపెట్టింది, అప్పుడే ఆ కబురు వచ్చింది, నిర్మల్ ఘాట్ దిగుతూ లారీ బోల్తా కొట్టింది, డ్రైవరు సీటులోనే పోయాడు.

కబురుతో పాటే ఇంకోటి వచ్చింది, గేరు కర్ర నూట్రల్‌లో ఉందట, బండిని పైకి లాగినవాళ్లు చూశారట, పెట్రోలు మిగిల్చి అమ్ముకుందామని గేరు తీసేసి బండిని వట్టిగా దొర్లించాడట, పైగా తాగి ఉన్నాడట, నిర్మల్ నుంచి మంచిర్యాల దాకా లారీల వాళ్లందరూ ఇదే మాట, నీళ్ల దగ్గర బుచ్చవ్వ ఈ మాట ఎత్తుకుంటే అవ్వ కుండ అక్కడే దించి ఇంటికి వచ్చేసింది, ఆ తర్వాత గడప దాటలేదు, తను మాత్రం అందరితో కొట్లాడింది, నా తమ్ముడు అసుంటోడు కాదు అని ఒర్రింది, కానీ కబురు విన్న మొదటి క్షణంలో తన లోపల లేచిన మాట ఎవరికీ చెప్పలేదు, దీన్ని కూడా ఇడిసిపెట్టినావురా పర్శా అనుకుంది, అంటే తనూ నమ్మింది, అందరికంటే ముందు తనే నమ్మింది.

ఆ రోజు లారీలో ఉన్న క్లీనరు మొండయ్య ఒక్కడే వేరే మాట చెప్పాడు, అదీ సగమే, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేసుకుని వచ్చి వాకిట్లో కూర్చున్నాడు, పెండ్లాం పిల్లలున్న మనిషి, చిన్న పిల్లాడిలా ముక్కు చీదుకుంటూ, దుంకు మొండన్నా దుంకు అని ఒర్రిండక్కా, నేను దుంకిన, ఆయన దుంకలే, తొవ్వ పక్కకు గడ్డి ఉండె, దుంకితే బతికేటోడు, ఎందుకు దుంకలేదో నాకు ఎర్కలేదు అన్నాడు, తాగిండా అని తను అడిగింది, పొద్దుగాల జర తాగినట్టే ఉండె అన్నాడు, అబద్ధం చెప్పినా బాగుండేది, తాగినోనికి దుంకుడు చాతగాదు గదా అని విన్నవాళ్లు ఆ సగం మాటను కూడా తమ కథలో కలుపుకున్నారు.

పానా చప్పుడు ఆగింది, రాజలింగు లారీ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి తలుపు తాడు విప్పి ఆమె చేతిలో ఒక ఇనుప ముక్క పెట్టాడు, నూనె జిడ్డు, అరచెయ్యంత ఉంది, రెండు వేళ్లు చాపినట్టు రెండు కొమ్ములు ఉండాల్సింది, ఒకటే ఉంది, రెండో కొమ్ము ఇంకో చేత్తో ఇచ్చాడు, పాత గేరు డబ్బా మూత తియ్యాలంటే ఇన్నాళ్లు భయమైంది, పొద్దుగాల తీసిన, అడుగున ఇది వడి ఉన్నది అన్నాడు, ఏంది ఇది అంది, చాలా రోజుల తర్వాత అతనితో అన్న మొదటి మాట అది, నువ్వు పైన కర్ర నూకుతవు గద, లోపట గేరును పట్టుకొని జరిపేది ఇదే, ఇది ఇరిగిందనుకో, కర్ర నీ చేతుల ఉంటది గని గేరు జరుగది, ఎటు నూకినా కర్ర మళ్ల వచ్చి నడుమ నిలవడ్తది, చూసినోళ్లకు నూట్రల్ లెక్కనే కనవడ్తది, గంత జోరు మీద కింది గేర్లు కూడ పడయి, ఘాట్ మీద ఒట్టి బ్రేకుకు బండి ఆగది అన్నాడు, విరిగిన చోట ఆమె వేలు పెట్టి చూపించాడు, సగం దాకా నల్లగా ఉంది, మిగతా సగం తెల్లగా మెరుస్తోంది, నల్లది పాత పగులు, ఎప్పటిదో, మూత తీస్తే తప్ప ఎవ్వలకు ఎర్కగాదు, తెల్లది ఆ రోజుది, ఘాట్ మీద ఇరిగింది.

అంటే వాడు గేరు తియ్యలేదా అని ఆమె అడిగింది, తియ్యలే, పెద్ద గేరు నుంచి కింది గేరుకు వస్తుంటే నడుమల ఇరిగింది, తాగిండా అని మళ్లీ అడిగింది, అది ఈ ఇనుము చెప్పది సారక్కా, తాగినా తాగకున్నా ఇది ఇరుగుడే ఇరుగుడు అన్నాడు, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు, ఆమెకు అప్పుడు అర్థమైంది, కరీంనగర్ మిస్త్రీ అయితే ఈ పాత డబ్బాను ఇనుప సామాను వాడికి తూకానికి వేసేవాడు, ఈ ముక్క అందులోనే పోయేది, అందుకా అంది, గిందుకేనా ఈ బండిని అడిగి తెచ్చుకున్నది, రాజలింగు అటు చూస్తూ ఏం దొర్కుతదో ఎర్కలేక చెప్పలే అన్నాడు, డబ్బా మంచిగనే ఉంటే నీకు ఏమని చెప్పాలె, అవ్వకు ఏమని చెప్పాలె, బండి కోసం లారీ సేటు మనిషి రేపు వస్తడు, లారీల అడ్డా మీద నలుగురిని పిలిచి చూపిస్త, మొండన్నకు కూడ కబురు పంపిన, ఇన్నాళ్లూ ఒక్క ఇంట్లో, ఒక్క చాప మీద, ఈ మనిషి ఈ భయాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాడు, తను అన్నం గిన్నెను చప్పుడయ్యేట్టు కింద పెట్టేది, అతను చప్పుడు లేకుండా తినిపోయేవాడు, ఏడుపు రాలేదు, ఆ ముక్కలు రెండూ ఒడిలో పెట్టుకుని కొంగు కప్పింది, నూనె చీరకు అంటుతుందని కూడా అనిపించలేదు.

ఇగ గేరు వేసి చూద్దాం అని అతను మళ్లీ కిందికి దూరాడు, ముందు తొక్కు, తొక్కినంక కర్రను నీ దిక్కు గుంజి ముందటికి నూకు, తొక్కింది, ఈసారి కాలికి బలం తెలిసింది, కర్ర తలమీద నున్నటి గుండు, పట్టుకుంటే చల్లగా ఉంది, తన దిక్కు గుంజింది, ముందుకు నూకింది, పోలేదు, పండ్లు పండ్లు కొట్టుకుని ఆగిపోయింది, పడ్తలేదు అంది, జబర్దస్తీ చెయ్యకు, గట్లనే ఆనిచ్చి పట్టు, కింద నేను తిప్పుతున్న, వరుస కలిస్తె అదే పడ్తది అన్నాడు, ఆనించి పట్టుకుంది, కింద ఏదో కొంచెం తిరిగింది, కర్రలో చిన్న కదలిక, ఇప్పుడు పడుతుంది అనుకుంది, పడలేదు, మళ్లీ తిరిగింది, ఇదిగో ఇప్పుడు, పడలేదు, అరచెయ్యి చెమట పట్టింది, భుజం ముందుకు వంగింది, కళ్లు ఎదుటి రోడ్డు మీదే ఉన్నా రోడ్డు కనిపించడం లేదు, సోడా దుకాణం వాడు ఏదో పిలుస్తున్నాడు, వినిపిస్తోంది, కానీ అటు తిరగాలని లేదు, చెయ్యి తీస్తే అదే క్షణంలో పడేదేమో, ఇంత సేపు పట్టి ఇప్పుడు తీస్తే ఎట్లా, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి పడుతుంది, ఈ తిప్పుడుకు పడుతుంది, పడ్తదా అని అరిచింది, పడ్తది, ఇడువకు అన్నాడు కింద నుంచి, ఆమె వదలలేదు, వదలాలని కూడా తోచలేదు, తలుపు తెరిచే ఉంది, పక్కనే ఉంది, ఆ తలుపు ఉన్న సంగతే మనసులో లేదు, ఇప్పుడు, ఇప్పుడు, ఇప్పుడు అనుకుంటూనే ఉంది, ఒక్కసారిగా కర్ర చేతిని లాక్కున్నట్టు ముందుకు జారి ధబ్బున కూర్చుంది.

పడ్డదా సారక్కా అంటున్నాడు రాజలింగు, పడ్డదా, చెప్పవేందే, ఆమె చెయ్యి కర్ర మీద నుంచి తీయలేదు, ఆ రోజు పర్శకు తెలియదు లోపల కొమ్ము విరిగిందని, ఎవరికీ తెలియదు, వాడికి తెలిసింది ఒక్కటే, కర్ర నూకితే గేరు పడుతుందని, నాలుగేండ్లు పడింది కాబట్టి ఇప్పుడూ పడుతుందని, ఆ మలుపులో పడుతుంది, ఈ మలుపులో పడుతుంది, మొండయ్యకు దుంకమని చెప్పాడు, తను మాత్రం దుంకాలని వాడికి తట్టి ఉండదు, తాగినందుకు కాదు, చావాలని కాదు, నూట్రల్‌లో పెట్టి చేతులు కట్టుకున్నందుకు అసలే కాదు, మగ్గం వదిలాడు, గని వదిలాడు, పిల్లను వదిలాడు, దీన్ని మాత్రం వదలలేదు, పడ్డది అంది సారక్క, మంచిగ పడ్డది, కింద నుంచి అతను ఇంకేదో అంటున్నాడు, ఆమె వినడం లేదు, అవ్వకు ఇప్పుడే పోయి చెప్పాలి, ఇనుము చూపించినా అవ్వకు అర్థం కాదు, ఇంత మాట చాలు, అవ్వా, నీ కొడుకు ఇడిసిపెట్టలే, గేరు పడ్తదనుకుంటనే ఉన్నడు.