బండ్లు తేవద్దన్నాను

నాకు తెలుగు రాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మొన్న ఆదివారం గౌలిపుర గల్లీలో నిలబెట్టి మరీ అన్నారు.

మాది ఖజానా ఆఫీసు. నెలకో ఆదివారం కొంతమందిమి ఎక్కడో ఒకచోట చేరి చెత్త ఎత్తుతాం. అందరినీ పిలిచేదాన్నీ నేనే, తిట్లు తినేదాన్నీ నేనే. గౌలిపురకి మమ్మల్ని రమ్మన్నది సక్కుబాయి, మా క్యాంటీనుకి పాలు పోసే ఆవిడ. ఆమె పశువుల కొట్టం పక్కన ఖాళీ జాగా ఒకటుంది. గల్లీ మొత్తం చెత్త తెచ్చి అక్కడే పోస్తుంది. ఆమె గేదెలు మెడ చాచి అందులోని ప్లాస్టిక్ కవర్లు నములుతుంటాయి.

పోయిన నెల వెళ్లి ఆమెకి మేం చేసిన మేలు వినండి. మనుషులు ఎంతమందో కార్లూ దాదాపు అన్ని. ఒక ఆటో పట్టడమే కష్టమైన గల్లీలో అన్నిటినీ బారుగా నిలిపారు. ఎత్తిన చెత్తని పెద్ద రోడ్డు మీదున్న మున్సిపాలిటీ లారీ దాకా చేర్చాలి కదా, తోపుడు బండి దూరే సందు లేదు. లారీ డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ వెళ్లిపోయాడు. మావాళ్లు సంచులన్నీ సక్కుబాయి కొట్టం ముందు పేర్చి, వాటి పక్కన నిలబడి ఫొటో దిగి, ఇళ్లకి పోయారు. కుక్కలు సంచులు చింపాయి. ఆమె గేదె ఆ కవర్లు తిని పొట్ట ఉబ్బి పడిపోయింది. డాక్టరు పొట్ట కోసి తీశాడు. బతికింది కానీ పాలు పోయాయి. ఉన్న ఇంకో గేదె ఇప్పుడు చూడితో ఉంది.

ఇంత జరిగాక ఆమెకి ఎదురుపడడానికే నాకు ముఖం చెల్లలేదు. ఆమే పిలిచింది.

"రాండ్రి బిడ్డా, చెత్తయితే పోవాలె గదా. గని ఒక్క సంచి గూడ నా కొట్టం ముంగట ఉండొద్దు. గట్లయితెనే రాండ్రి."

మాటిచ్చాను. ఇచ్చి, గ్రూపులో మెసేజి పెట్టాను. "దయచేసి ఎవరూ బండ్లు తేవద్దు. సిటీ బస్సులో వచ్చి శాలిబండ దగ్గర దిగితే నడిచి రావచ్చు. జల్‌పల్లి వాళ్లు షేర్ ఆటో మాట్లాడుకోండి." దండం బొమ్మలూ చప్పట్ల బొమ్మలూ బోలెడు వచ్చాయి. మా సెక్షన్ లక్ష్మీకాంత్ గారైతే పర్యావరణం మీద ఒక పెద్ద పేరాయే రాశారు. ఈసారికి అందరికీ బుద్ధి వచ్చిందనుకున్నాను. నా మొహం.

ఆదివారం పొద్దున్నే బస్సు దిగి నడుచుకుంటూ గల్లీ మొదట్లోకి వచ్చేసరికి మళ్లీ అవే కార్లు. చిట్టచివర లక్ష్మీకాంత్ గారిది. తెల్లది, కొత్తది, పూజ నాటి పూలదండ ఇంకా వాడలేదు.

"ఏమండీ, మెసేజి చూడలేదా?" అన్నాను.

"చూశానండీ. అందుకేగా బైకు తీయలేదు."

నాకు బుర్ర తిరిగింది. పక్క సెక్షన్ జగదీశ్వర్ ఇక్కడివాడు, అతను విడమరిచి చెప్పాడు. "మేడం, బండంటే టూవీలర్ గదా. కార్లు తేవద్దని మీరు రాయనే లేదు. అందుకే అందరం కార్లల్ల వచ్చినం. జర తెలుగు మంచిగ రాయాలె మేడం."

జగదీశ్వర్‌ది ఇక్కడి మాట, ఒప్పుకుంటాను. మరి లక్ష్మీకాంత్ గారికేమైంది? ఆయనదీ నాదీ తెనాలి దగ్గర పక్కపక్క ఊళ్లు. మా వైపు కారూ బండే, లారీ బండే, స్టేషన్లోకి వచ్చే రైలూ బండే. ఇన్నేళ్లుగా ఈ ఊరి మాట ఒక్కటి నోటపట్టని మనిషికి ఇదొక్కటీ ఎంత చక్కగా పట్టుబడిందో!

కోపం దిగమింగుకుని బబ్లూ కోసం చూశాను. బబ్లూ సక్కుబాయికి మేనల్లుడు, నయాపూల్ దగ్గర తోపుడు బండి మీద జామకాయలు అమ్ముతాడు. సంచులు మోయడానికి ఆ బండి తెస్తానని తనే అంటే, అతన్నీ గ్రూపులో చేర్చాను. చెమటలు కక్కుతూ, చేతులూపుకుంటూ వచ్చాడు.

"బండేదీ?"

"దోస్తు కాడ పెట్టొచ్చిన మేడం. బండ్లు తేవద్దని మీరే రాసిండ్రు గదా. నయాపూల్ నుంచి నడుసుకుంటనే వచ్చిన."

గ్రూపు మొత్తంలో నా మాట విన్నవాడు ఆ ఒక్కడే. నా తల ఏ గోడకి కొట్టుకోవాలో తెలియలేదు.

పని మాత్రం, అబద్ధం ఆడకూడదు, అందరూ బాగానే చేశారు. ఎండెక్కేసరికి కుప్ప సగం తగ్గింది, సంచులు గుట్టయ్యాయి. లారీ వచ్చి పెద్ద రోడ్డు మీద హారన్ మొదలుపెట్టింది. కార్లకీ గోడలకీ మధ్య పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని నాలుగు సంచులు మోశామో లేదో, అది కాస్తా వెళ్లిపోయింది. మావాళ్లు చేతి తొడుగులు విప్పడం మొదలుపెట్టారు.

"ప్రస్తుతానికి ఇక్కడ పెడదామండీ. రేపు ఎవరికైనా ఫోన్ చేద్దాం," అంటూ లక్ష్మీకాంత్ గారు ఒక సంచి తెచ్చి కొట్టం గోడకి ఆనించారు. చూడిగేదె అప్పుడే మెడ సాచి దాని మూతి నాకింది. సక్కుబాయి పరుగెత్తుకెళ్లి దాన్ని వెనక్కి లాగింది. నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సంచి రెండు చేతులా ఎత్తుకుని తెల్లకారు దగ్గరికి వెళ్లాను.

"డిక్కీ తీయండి."

"దేనికండీ?"

"ఇవి డంపింగ్ యార్డుకి పోవాలి. తీయండి."

"కొత్త కారండీ సుచరిత గారూ!"

"బండి కాదుగా, కారేగా! తీయండి!"

నేనంత గట్టిగా అరవడం ఆఫీసులో ఎవరూ వినలేదు. అయినా ఆయన కారెక్కి స్టార్ట్ చేశారు. ఈలోగా సక్కుబాయి, పొట్ట మీద కుట్లున్న గేదెని తోలుకొచ్చి గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి, దారికి అడ్డంగా కట్టేసింది. కట్టి, దాని పక్కనే కూర్చుంది.

"సంచి లేని కారు ఒక్కటి గూడ బయటికి పోదు," అంది.

కాసేపు లొల్లి నడిచింది. ఒకాయన పెళ్లికి వెళ్లాలన్నాడు. జగదీశ్వర్ గేదెని అదిలించబోయి, అది తల తిప్పి చూడగానే ఆగిపోయాడు. చివరికి ఒక్కొక్క డిక్కీ తెరుచుకుంది. బబ్లూ జామకాయలు పేర్చినంత పొందిగ్గా సంచులు సర్దాడు. డిక్కీలు నిండితే వెనక సీట్లు నింపాడు. ఆఖరి సంచికి ఎక్కడా చోటు లేక, లక్ష్మీకాంత్ గారి పక్క సీట్లో కూర్చుని నా ఒళ్లో పెట్టుకున్నాను. అది కారుతోంది. కార్లు వద్దని ఊరంతా చెప్పే నేను, ఆ చల్లటి ఏసీలో అలా కూర్చున్నాను.

లక్ష్మీకాంత్ గారు ముక్కు మూసుకుని కిటికీ దించారు. "వచ్చే నెల బస్సులోనే వస్తానండీ. ఒట్టు!"

నెలల తరబడి నేను చెప్పినా ఎక్కనిది, ఒక తడిసంచి చెప్పేసరికి ఎక్కింది. గెలిచాననే అనుకున్నాను.

గేదెని విప్పుతున్న సక్కుబాయి ఆ మాట విని గబగబా కిటికీ దగ్గరికి వచ్చింది. ఆమె ముఖం నవ్వుతో విచ్చుకుని ఉంది. వెనక కొట్టం ముందు నేల ఖాళీగా, శుభ్రంగా ఉంది.

"గట్లనకు సారూ! కుప్ప ఇంకా సగం ఉన్నది. అందరు కార్లల్లనే రావాలె." నా వైపు తిరిగి చేతులు జోడించింది. "బస్సుల రాండ్రని మళ్ల రాయకు బిడ్డా, నీకు దండం పెడ్త."