నా చేతి పురుగులట!

నా చేతికి పురుగులున్నాయట! ఈ మాట అన్నది ఎవరో దారినపోయే దానయ్య కాదు, సాక్షాత్తూ మా బావగారు, మా ఆయన సొంత అన్న. అదీ ఇంట్లో కాదు. మా దగ్గర జెల్లచేపలు కొనే హాస్టల్ వంటమాస్టరు ఎదుట, నలుగురూ వింటుండగా.

చెరువు బావగారిది. గట్టు మీది రేకుల షెడ్డులో జెల్లల్ని కోసి శుభ్రం చేసే పని నాది. పెళ్ళై వచ్చినప్పటినుంచీ ఆ బల్ల నాదే. ఆ రోజు వంటమాస్టరు శుభ్రం చేసిన చేపనే వెనక్కి తెచ్చి, పొట్ట లోపల అంటుకుని చుట్ట చుట్టుకున్న పురుగును పుల్లతో లేపి చూపించాడు.

"మా మరదలి చెయ్యి శుభ్రం తక్కువండీ. ఏం చేస్తాం, ఇంటి మనిషాయె," అన్నారు బావగారు, జాలిపడుతున్నట్టు.

తల కొట్టేసినట్టయింది. మా ఆయన పక్కనే ఉన్నాడు, వల సర్దుకుంటూ. ఆ వలలో అంతగా సర్దాల్సిందేముందో నాకిప్పటికీ అర్థం కాదు.

మర్నాడు నా బల్ల దగ్గర వేరే మనిషిని కూర్చోబెట్టారు. అతను కోసిన చేపల్లోనూ పురుగులే. "పాత బల్ల కదా, ఆవిడ మురికి అంత తొందరగా పోతుందా?" అన్నారట బావగారు. ఒళ్ళు మండిపోయింది. బల్లకి కూడా నా జబ్బు అంటించారు మహానుభావులు!

ఊరుకుంటే ఇక ఏ షెడ్డులోనూ నన్ను కత్తి పట్టనివ్వరు. పురుగుల చెయ్యి అని పేరు పడ్డాక ఎవరు రానిస్తారు? తిన్నగా వెళ్ళి చేపల డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చాను.

"మీ కత్తి, మీ పళ్ళెం, మీ నీళ్ళు. నేను ముట్టుకోను. బతికున్న జెల్లను మీరే కొయ్యండమ్మా," అన్నాను, చేతులు వెనక్కి కట్టుకుని.

ఆవిడ కోసింది. పేగుల చుట్టూ, కాలేయం పక్కన, సన్నటి తిత్తుల్లో చుట్టలు చుట్టలుగా పురుగులు. ఒక తిత్తి చీల్చితే లోపలిది మెలికలు తిరిగింది.

"ఇవి చేప బతికుండగానే లోపల చేరినవి. కోసేవాళ్ళ చేతుల్లోంచి రావు. చెరువులో మేతేం వేస్తున్నారు?"

ఇక్కడ మా బావగారు నోరు మూసుకోవాల్సింది. మూసుకుంటే ఆయన మా బావగారెందుకవుతారు? ఛాతీ విరుచుకుని ముందుకొచ్చారు.

"మేత కొనడమా? భలేవారే! కోసిన చేపల పేగులన్నీ సాయంత్రం మళ్ళీ చెరువులోకే, పచ్చివి పచ్చిగా! జెల్ల దేన్నైనా లాగించేస్తుంది. ఈ ఉపాయం ఇంకెవరికీ తట్టలేదు, నాకే తట్టింది!"

"పేగులతోపాటు పురుగుల్నీ లాగిస్తుంది కదండీ," అంది డాక్టరమ్మ తాపీగా. "ఈ చేపలోవి ఆ చేపలోకి పోతున్నాయి. మీరే మేపుతున్నారు. ఇకనుంచి పేగులు ఉడికించి వెయ్యండి, లేదా పాతిపెట్టండి. చేపల్ని బాగా ఉడికించే తినమని కొనేవాళ్ళకీ చెప్పండి."

బావగారు ఆవిడ వెళ్ళాక గొంతు సవరించుకుని, "సరేలే అమ్మాయ్, అయిందేదో అయింది. వచ్చి నీ బల్ల దగ్గర కూర్చో," అన్నారు, వరమిస్తున్నట్టు.

"కూర్చుంటాను బావగారూ. ముందు వంటమాస్టరుకి ఫోన్ చెయ్యండి. నా చెయ్యి గురించి చెప్పారు కదా, ఇది కూడా చెప్పండి."

"ఇంటి విషయం బయటికెందుకు?"

"నా పరువు తీసిననాడు ఇది ఇంటి విషయం కాదా?"

ఈసారి మా ఆయన వల పక్కన పడేశాడు. తనే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, అన్న చేతికిచ్చాడు. ఇన్నాళ్ళకి!

"మాస్టరుగారూ... చెరువులో కాస్త ఇబ్బంది... సరిచేస్తున్నామండీ..." గొణిగారు బావగారు. నా ఊసే లేదు!

"చెరువులోనా? మరి మీ మరదలి చెయ్యి శుభ్రం లేదన్నారుగా?" అన్నాడు వంటమాస్టరు.

బావగారు నావైపు చూశారు. నేను బల్ల దగ్గర కూర్చున్నాను గానీ కత్తి పట్టలేదు.

"ఆవిడ చెయ్యి బాగానే ఉందండీ," అన్నారు చివరికి, నేలచూపులు చూస్తూ. "పురుగులే... నావి."

అప్పుడు పట్టాను కత్తి.