ఉన్నాడు

గెజీనె ఓంకెన్‌కు రాజకీయాలు పట్టవు. 1932 వేసవిలో, ఎన్నికలకు పది రోజుల ముందు, గోధుమరంగు చొక్కాల పార్టీవాళ్ళు ఎమ్స్ నది ఒడ్డున ఉన్న ఆమె ఇంటికి వచ్చారు. గడుసు పార్టీ అది. ఎవరికి ఎక్కడ దురదో కనిపెట్టి అక్కడే గోకేది. రైతులకు ఆవుల ధర గురించి చెప్పింది, పని లేనివాళ్ళకు పని గురించి చెప్పింది. గెజీనెను మాత్రం ఒక్కటే అడిగారు.

"అమ్మా, యుద్ధంలో పోయిన మీ అబ్బాయి పేరేంటి?"

పదిహేనేళ్ళుగా ఎవరూ అడగని మాట. ఆమె ఏడ్చేసింది.

"ఆదివారం స్తంభం దగ్గరికి రండి. మీవాడి పేరు పిలుస్తాం."

ఊరి రాతిస్తంభం మీద చెక్కిన, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లను పాస్టర్ గారు ఏటా చాకలిపద్దులా చదివేవారు, అక్షరక్రమంలో. ఓంకెన్ తర్వాత పెల్స్. ఆ వరస ఊరందరికీ కంఠతా వచ్చు. పెల్స్ అంటే పక్కింటి బెట్టె కొడుకు సీమోన్. యూదుల పిల్లాడు. గెజీనె కొడుకూ వాడూ ఒకే రైల్లో యుద్ధానికి వెళ్ళారు.

"రావే బెట్టె, నీవాణ్ణీ పిలుస్తారు."

"వాళ్ళా? యూదులంటేనే మండిపడేవాళ్ళు మావాణ్ణి పిలుస్తారా? మతిగాని పోయిందా నీకు?"

"రాతి మీది పేరు ఎవడు చెరుపుతాడే? ఓంకెన్ అన్నాక నోరు దానంతటదే పెల్స్ అంటుంది."

ఆదివారం ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళారు. పూల వాసనకు గాలే మత్తుగా ఉంది. డప్పులు మెల్లగా మోగుతున్నాయి. లౌడ్‌స్పీకర్‌లో ఒక్కో పేరు పిలుస్తుంటే జనమంతా ఒక్క గొంతుతో జవాబిస్తున్నారు.

"హాయో ఓంకెన్!"

"ఉన్నాడు!"

గెజీనె కాళ్ళ కింద నేల తేలిపోయింది. వాడు నది మీద నుంచి నడిచొస్తున్నాడు, చొక్కా తడవకుండా, నవ్వుతూ. ఆమెకు ఇంకేమీ వద్దనిపించింది.

"గెర్డ్ రెమ్మెర్స్!"

"ఉన్నాడు!" అని అందరితోపాటు ఆమె కూడా అరిచింది. అరిచాక తెలిసింది, మధ్యలో పెల్స్ లేడని.

తిరిగొచ్చేటప్పుడు బెట్టె ఆమె మొహంలోకి చూసి అడిగింది. "డప్పుల మోతలో నాకు సరిగ్గా వినపడలేదే. మావాణ్ణి పిలిచారా?"

లేదని చెబితే, తన కొడుక్కి దక్కిన ఆ కేక కూడా అబద్ధమైపోతుంది. గెజీనెకు సిగ్గేసింది. అయినా వాణ్ణి మళ్ళీ చంపుకోలేకపోయింది.

"పిలిచారే. అందరూ పలికారు."

"అలాగా," అని బెట్టె తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

తర్వాతి ఆదివారం గెజీనె ఓటేసి వచ్చింది. ఎవరికని బెట్టె అడగలేదు.