స్టాక్‌ఫిష్‌కు తెలియని మోక ఆట

పన్నెండేళ్లుగా మోక ఊరి పంపన్న నన్ను "శిష్యా" అని పిలుస్తున్నాడు. నాకు నాలుగు లారీలున్నాయి, సగం తల నెరిసింది, అయినా శిష్యుణ్ణే. చదరంగంలో ఒక్కసారి ఓడిస్తే ఆ పిలుపు మానేస్తానన్నాడు. నేనుండేది కూరెకుప్పలో కాబట్టి ఆట ఫోనులో, రోజుకొక ఎత్తు. అతనేమో వాళ్లూరి హోటల్లో స్పీకరు పెట్టి, పదిమంది వింటుండగా "చెప్పు శిష్యా" అంటాడు. ఒళ్లు మండిపోతుంది.

ఈసారి దొంగదారి పట్టాను. సిగ్గేం లేదు. విండోస్‌ను మోయలేక మూలుగుతున్న పాత లాప్‌టాప్‌లో మా అమ్మాయి అనుపమ లినక్స్ ఎక్కించింది. స్కిడ్ అనే చదరంగం డేటాబేస్ పెట్టి, దానికి స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ తగిలించింది. అది కదిలితేనా!

"నడిచేదానికి పర్మిషన్ ఇయ్యల్ల నాయనా," అంటూ నల్లటి తెర మీద ఏదో కొట్టింది.

"ఈ ఇంట్లో నాకే ల్యాదు, దానికిస్తాండావా?"

మాది పాతకాలపు ఆట. రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. పంపన్న రాజు దూకిన రోజు స్కిడ్ ఆ ఎత్తు చెల్లదని మొండికేసింది. అనుపమ తెర మీద కాయలన్నీ కొత్తగా పేర్చింది. ఇంజన్ మారుమాట లేకుండా మళ్లీ లెక్క మొదలుపెట్టింది.

ఒకరోజు అది, ఏనుగును బలిచ్చి బంటును పరిగెత్తించమంది. అలా చేస్తే నాది ఏడు పాయింట్ల పైచేయి అట! నేను గొంతెత్తి చెప్పాను. పంపన్న ఏనుగును తీసుకున్నాడు. నాలుగో రోజుకు నా బంటు చివరి గడి చేరింది.

"మంత్రిని లేపుతాండా!" అని అరిచాను.

"యాడ దిగిందప్పా నీ బంటు?"

"కడా గడిలో."

"గుర్రం వరసలో దిగింది. అయితే మంత్రి యాడిదప్పా? గుర్రమే."

మా ఆటలో బంటు ఎవరి వరసలో చేరితే ఆ కాయే అవుతుంది. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. తెర మీది ఏడు చూసి నోరూరి మరిచిపోయాను. ఏనుగు పోయింది, ఇంకో మూడు రోజులకు ఆటా పోయింది.

"సాకప్పా, ఇంగ చాలు," అన్నాడు పంపన్న. "మన దిక్కు పిల్లోడు గూడా గుర్రం కోసరం ఏనుగునియ్యడు. నిజం చెప్పు, నిన్ను ఎవరు ఆడిస్తాండారు?"

హోటలంతా వింటోంది. దాచి లాభం లేదు. "లాప్‌టాప్," అన్నాను.

"హౌదా, అట్లనా! అయితే ఇంగ నిన్ను శిష్యా అననులే రామసుబ్బా."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆడింది అది గదా. ఆదివారం దాన్ని ఎత్తుకోని రా, మన ఆట నేర్పిస్తా. నా శిష్యుణ్ణి జాగ్రత్తగా పట్టుకో, కింద పడేస్తావేమో."

హోటలు నవ్వు ఫోనులోంచి మా వంటింటి దాకా వినిపించింది. ఆదివారం పొద్దున్నే బ్యాగు ఒళ్లో పెట్టుకుని మోక బస్సులో కూర్చున్నాను.