ఆరు మిల్లీమీటర్ల గొడవ

ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కడ్డీ కోసం ఆరు మిల్లీమీటర్ల రంధ్రంతోనే అచ్చు చెయ్యమన్నాను. దాన్ని ప్లాస్టిక్ కరిగించి తోసే మిషన్‌కి బిగించి నడిపితే కడ్డీ ఏడు వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. అచ్చులు చేసేది మా వదినే. చల్లారిన ముక్క పట్టుకుని పక్క షెడ్డులోకెళ్లి అందరి ముందూ అరిచాను.

"ఏం వదినా, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చావా?"

వదిన చేతిలో పని పక్కన పెట్టి నా వెంట మిషన్ దగ్గరికి వచ్చింది.

"అరిచింది చాలు గానీ, ఇలా వంగి చూడు."

చూశాను. కరిగిన ప్లాస్టిక్ సరిగ్గా రంధ్రమంత సన్నగానే బయటికొస్తోంది. వేలెడు కిందికి దిగేలోపే, ఎవరూ ఊదకుండా, ఎవరూ ముట్టుకోకుండా, మెల్లగా లావెక్కుతోంది. పదకొండేళ్లుగా ఈ మిషన్ నాదే. ఇన్నాళ్లూ కింద చక్రాలు కడ్డీని లాగి సాగదీస్తుంటే ఇది నా కంట పడనే లేదు. ఈ రోజు కొత్త అచ్చు కదా అని, చక్రాలకి తగిలించకుండా వదిలాను.

"ఇదేంటి వదినా?" అన్నాను.

"ఇది నీళ్లు కాదు అబ్బాయ్. లోపలంతా కంటికి కనపడని, చిక్కుపడ్డ పొడుగాటి పోగులు. మిషన్ లోపలి వెడల్పాటి గొట్టంలో హాయిగా ఉన్నవాటిని ఇరుకులోకి తోసి సాగదీశావు. బయటపడగానే పాత ఆకారం గుర్తొచ్చి ఒళ్లు విరుచుకుంటున్నాయి."

ప్రాణం లేనిదానికి జ్ఞాపకం! కడ్డీ నేలను తాకి చుట్టలు పడుతున్నా నేను కదల్లేదు.

"ఇంకోటి చేస్తాలే. రంధ్రం ఎంత పెట్టమంటావ్?" అంది వదిన.

"కాస్త తగ్గించు వదినా," అన్నాను. "మిగతాది అదే గుర్తు తెచ్చుకుంటుంది."